ఇంటర్ బైపీసీ అయింది, 6 నెలల మెడికల్ అసిస్టెంట్ కోర్సులో చేరొచ్చా? ఒంగోలు, నెల్లూరు వైపు వాళ్లు చెప్పండి

మన్నేరు గట్టు:

మా చెల్లెలు కందుకూరులో ఇంటర్ బైపీసీ ముగించింది. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు చదివించే వీలు ఇంట్లో లేదు. ఏడాదిలోపు చేతికి జీతం రావాలని తన పట్టుదల. ఒంగోలులో, కావలిలో గోడల మీద "మెడికల్ అసిస్టెంట్, 6 నెలలు, ఉద్యోగం గ్యారంటీ" అని రాతలు చూసి పోయి అడిగాం. ఒకచోట సర్టిఫికెట్ గవర్నమెంటుదే అన్నారు. ఇంకోచోట ఇంజెక్షన్, సెలైన్, రక్తం తియ్యడం, ఈసీజీ అన్నీ నేర్పిస్తాం అన్నారు. ఫీజు మాత్రం ఇద్దరూ ముందే కట్టమన్నారు.

అసలు ఈ కోర్సుకు విలువ ఉందా? చేరే ముందు ఏం అడగాలి? చేరితే ఏ ఏ పనులు చేతికి వచ్చాక బయటపడాలి? ఆస్పత్రి పని తెలిసినవాళ్లు కాస్త విడమరిచి చెప్పండి.

పెన్నా వార:

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. అమెరికాలో మెడికల్ అసిస్టెంట్ అంటే ఒక ఖాయమైన ఉద్యోగం. పేషెంటును లోపలికి పిలవడం, బీపీ, బరువు, రికార్డు, రక్తం తియ్యడం, డాక్టరు చెప్పిన సూది వెయ్యడం అన్నీ ఒకే మనిషి చేస్తారు. మన రాష్ట్రంలో ఆ పేరుతో రిజిస్ట్రేషన్ ఇచ్చే కౌన్సిల్ లేదు. ఇక్కడ ఆ పని మూడు ముక్కలైంది: వార్డులో జనరల్ డ్యూటీ అసిస్టెంట్, అంటే జీడీఏ; ల్యాబ్‌లో టెక్నీషియన్; సూది మందుల దగ్గర నర్సు లేదా ఏఎన్‌ఎం. ఊళ్లో క్లినిక్కుల్లో మూడూ కలిపి చేసేవాళ్లను కాంపౌండరు అంటారే, ఆ పిలుపు తప్ప దానికి చదువంటూ లేదు.

"గవర్నమెంటు సర్టిఫికెట్" అన్నవాళ్లను ఒకే ప్రశ్న అడగండి: సర్టిఫికెట్ కింద సంతకం ఎవరిది? చాలామంది చూపించేది వాళ్ల సంస్థ సొసైటీగా రిజిస్టర్ అయిన కాగితం. ఆఫీసు తెరిచినట్టు రుజువు అంతే, కోర్సుకు గుర్తింపు కాదు. జీడీఏ అయితే హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ పేరు, హెచ్‌ఎస్‌ఎస్/క్యూ5101 అనే కోడ్, స్కాన్ చేస్తే తెరుచుకునే క్యూఆర్ గుర్తు ఉండాలి. పాత బ్యాచ్ వాళ్ల సర్టిఫికెట్ ఒకటి చూపించమని అక్కడే ఫోన్‌తో స్కాన్ చెయ్యండి. చూపించడానికి నసిగితే లేచి వచ్చేయండి.

బైపీసీ ఉంది కాబట్టి మీ చెల్లెలికి ఇంకో దారి ఉంది. పారామెడికల్ బోర్డు డిప్లొమాలు 2 ఏళ్లవి: ల్యాబ్ టెక్నీషియన్‌కు డీఎంఎల్‌టీ, ఎక్స్‌రే వైపు ఇమేజింగ్, అనస్థీషియా, డయాలసిస్, కంటి పరీక్షకు ఆప్తాల్మిక్ అసిస్టెంట్. వీటిలో బైపీసీ వాళ్లకే మొదటి ప్రాధాన్యం. చదువయ్యాక బోర్డులో రిజిస్టర్ చేసుకుంటారు. ప్రభుత్వ ల్యాబ్ ఉద్యోగాల నోటిఫికేషన్లకు అడిగేది ఆ రిజిస్ట్రేషనే. జీడీఏ సర్టిఫికెట్‌తో ఆ తలుపు తెరుచుకోదు. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం తర్వాత రిజిస్ట్రేషన్ లేని డిప్లొమాలకు రోజురోజుకూ దారి ఇరుకవుతోంది. 6 నెలలా 2 ఏళ్లా అని చూసేటప్పుడు ఇది కూడా లెక్కలో వేసుకోండి.

అప్పుడే సంపాదన కావాలంటే జీడీఏ తప్పేమీ కాదు. వార్డుల్లో ఆ పని చేసేవాళ్లు ఎప్పుడూ కావాలి. కాకపోతే 6 నెలల్లో ఎన్ని రోజులు నిజమైన ఆస్పత్రిలో, ఎన్ని పడకలున్న చోట, ఎవరి కింద అన్నది కాగితం మీద రాయించుకోండి. ఫీజు విడతల్లో కట్టండి. ఆఖరి విడత ఆస్పత్రి శిక్షణ మొదలైన తర్వాతే.

రెండో షిఫ్టు:

కోర్సు సంగతి పైన వచ్చింది కాబట్టి చేతి పని చెబుతా. మీ చెల్లెలు ఎక్కడ చేరినా సరే, ఇవి రాకుండా సర్టిఫికెట్ తీసుకోవద్దనండి.

బీపీ. రోజుకు ఎక్కువసార్లు చేసేది ఇదే, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇందులోనే. ఎండలో నడిచొచ్చిన మనిషిని కూర్చోబెట్టీ బెట్టకముందే కఫ్ చుడితే వచ్చేది ఆయాసం లెక్క, బీపీ కాదు. 5 నిమిషాలు ఊరికే కూర్చోనివ్వాలి. వీపుకు ఆనుడు ఉండాలి, పాదాలు నేలకు ఆనాలి, కాలిమీద కాలు ఉండకూడదు, మాటలు వద్దు. అరగంటలోపు టీ గానీ బీడీ గానీ తాగి ఉంటే ఆగాలి. ఒంటేలు ఆపుకుని కూర్చున్నా అంకె పెరుగుతుంది, పోయి రమ్మనాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. కిందికి వేలాడితే ఎక్కువ చూపిస్తుంది. చొక్కా మీద చుట్టకూడదు, బిగుతు చొక్కా పైకి మడిచి కట్టడం కూడా తప్పే.

కఫ్ లోపల ఉండే రబ్బరు సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం కమ్మాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ కనబడుతుంది, లేని బీపీకి మాత్రలు మొదలవుతాయి. మణికట్టు నాడి పట్టుకుని గాలి ఎక్కిస్తూ పోవాలి, నాడి ఏ అంకె దగ్గర ఆగిందో చూసుకుని మొత్తం దించెయ్యాలి. కాసేపాగి ఈసారి ఆ అంకెకు 30 పైకి ఎక్కించి, సెకనుకు 2, 3 మిల్లీమీటర్ల చొప్పున దించుతూ స్టెతస్కోపుతో వినాలి. ఈ నాడి చూడ్డం ఎందుకంటే, కొందరిలో శబ్దం మొదలై మధ్యలో మాయమై మళ్లీ వినబడుతుంది. నేరుగా 160కి ఎక్కించి వింటే, 190 ఉన్న మనిషికి 140 అని రాసేస్తాం. తొందరపడి గబుక్కున దించినా అంతే. 140, 150 అని సున్నాలతోనే రాసే అలవాటు ఉన్నచోట, అక్కడ ఎవరూ సరిగా వినడం లేదని అర్థం.

పేషెంటును కదపడం. పక్షవాతం వచ్చినవాళ్లను మంచం నుంచి చక్రాల కుర్చీలోకి మార్చేటప్పుడు కుర్చీ బలమున్న వైపు పెట్టాలి, మంచానికి కొంచెం ఏటవాలుగా. బ్రేకులు రెండూ వెయ్యాలి, కాళ్లు పెట్టుకునే పలకలు పైకి తీసెయ్యాలి. పడిపోయిన చేతిని గానీ ఆ చంకను గానీ పట్టి లాగకూడదు, భుజం కీలు జారుతుంది. నడుముకు బెల్టో పంచో కట్టి దాన్ని పట్టుకోవాలి. వంగేది మోకాళ్ల దగ్గర, నడుం దగ్గర కాదు. ఈ పనిలో ముందు పాడయ్యేది చేసేవాళ్ల నడుమే.

మంచంలో ఉన్నవాళ్లను 2 గంటలకోసారి పక్క మార్చాలి, మార్చిన టైము రాయాలి. పిర్ర మీదో మడమ మీదో ఎర్ర మచ్చ కనబడితే వేలితో నొక్కి చూడాలి; తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, నర్సుకు చెప్పాలి. దాన్ని నూనెతో రుద్దడం, కింద గాలి రింగు పెట్టడం మన ఇళ్లల్లో మామూలు. రెండూ లోపలి కండను దెబ్బతీసి పుండును పెద్దది చేస్తాయి.

యూరిన్ బ్యాగు ఎప్పుడూ మూత్రాశయానికి కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. స్ట్రెచర్ మీద తీసుకుపోయేటప్పుడు అడ్డం లేకుండా ఉంటుందని పేషెంటు పొట్ట మీద పెడతారు చూడండి, సంచిలో మూత్రం వెనక్కి పోయి జ్వరం తెచ్చేది అక్కడే. మూడింట రెండొంతులు నిండగానే ఖాళీ చెయ్యాలి.

రైల్స్ ట్యూబుతో, అంటే ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టంతో, పాలో జావో పోసేటప్పుడు తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి. గొట్టం సరైనచోట ఉందో లేదో నర్సు చూశాకే పొయ్యాలి. పిస్టన్‌తో నొక్కకూడదు, దానంతట అది దిగాలి. పోసేముందూ తర్వాతా దాదాపు 30 మిల్లీలీటర్ల నీళ్లు. దగ్గు వచ్చినా మొహం రంగు మారినా ఆపెయ్యాలి. అయిపోయిందని వెంటనే పడుకోబెడితే పోసింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది; కనీసం అరగంట, వీలైతే గంట అట్టాగే ఉంచాలి.

సెలైన్ వేగం పెట్టేది నర్సు, కనిపెట్టుకుని ఉండేది మీ చెల్లెలు. లెక్క తెలిసి ఉండాలి. సెట్టు ప్యాకెట్ మీద మిల్లీలీటరుకు 20 చుక్కలు అని ఉంటే, 500 మిల్లీలీటర్లు 8 గంటల్లో పోవాలంటే 500 ఇంటు 20 బై 480, అంటే నిమిషానికి 21 చుక్కలు. పిల్లల మైక్రో సెట్టుకు 60 చుక్కలు. ప్యాకెట్ చూడకుండా లెక్క కడితే మూడింతలు తేడా వస్తుంది.

ఊదా మూత:

రక్తం తియ్యడం 6 నెలల కోర్సులో నేర్పిస్తామన్నారు కాబట్టి, ఏం నేర్పించాలో చెబుతా. గుచ్చడం వారంలో వస్తుంది. రిపోర్టు తప్పు రాకుండా తియ్యడానికే టైము పడుతుంది.

ట్యూబులకు వరుస ఉంది. బ్లడ్ కల్చర్ సీసాలుంటే ముందు అవి. తర్వాత మూత రంగును బట్టి లేత నీలం, ఆపైన ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, ఊదా, ఆఖరున బూడిద. వరుస ఎందుకంటే ఊదా మూత ట్యూబులో రక్తం గడ్డకట్టకుండా ఉంచే మందు ఈడీటీఏ; అది పొటాషియం ఉప్పు, పైగా క్యాల్షియాన్ని పట్టేసుకుంటుంది. ఊదా ట్యూబులో పోసి దాని చుక్క తర్వాతి ఎర్ర ట్యూబులోకి పోతే రిపోర్టులో పొటాషియం ప్రాణం మీదికొచ్చేంత, క్యాల్షియం నేలకు దిగినంత వస్తాయి. పేషెంటు మాత్రం కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటుంటాడు. ఊదా ట్యూబు ఎక్కువైందని ఎర్ర దాంట్లోకి వంచడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు.

నీలం మూత గీత దాకా నిండాలి. లోపల గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ మందు ఒక వంతు, రక్తం 9 వంతులు. సగమే పోస్తే మందు ఎక్కువై రక్తం గడ్డకట్టే టైము లేనిపోనిది పెరిగి కనబడుతుంది. ఊదా ట్యూబును 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చెయ్యాలి, నీలాన్ని 3, 4 సార్లు. ఊపకూడదు.

రబ్బరు పట్టీ గుచ్చేచోటికి 3, 4 అంగుళాల పైన కట్టాలి, నిమిషం దాటకూడదు. రక్తం రాగానే వదిలెయ్యాలి. పిడికిలి మూసి తెరువు, మూసి తెరువు అంటారే, దాంతో పొటాషియం పెరుగుతుంది. ఒకసారి మూస్తే చాలు. స్పిరిట్ ఆరాక గుచ్చాలి. తడి మీద గుచ్చితే మంట, పైగా రక్తకణాలు పగులుతాయి. సన్నని సూదితో పిస్టన్ గట్టిగా లాగినా, సూది తియ్యకుండానే ట్యూబులోకి నొక్కి పోసినా అదే జరిగి సీరం, అంటే గడ్డ వేరయ్యాక మిగిలే నీరు, ఎర్రగా వస్తుంది. పెద్దవాళ్లకు 21 లేదా 22 గేజ్. సిరంజితో తీస్తే సూది కట్టర్‌లో వేసి, మూత తీసి, ట్యూబు గోడ వెంట జారనివ్వాలి.

సెలైన్ పోతున్న చేతిలోంచి తీయకూడదు, ఇంకో చెయ్యి చూడాలి. రొమ్ము ఆపరేషన్ అయినవాళ్లకు ఆ వైపు చెయ్యి వద్దు. తీశాక మోచెయ్యి మడవమంటారు, అదీ తప్పే. చెయ్యి చాపి ఉంచి దూదితో నొక్కి పట్టాలి, మడిస్తే లోపల కారి నల్లగా కములుతుంది. కళ్లు తిరుగుతున్నాయంటే ముందు పట్టీ వదిలి, సూది తీసి, ఆ తర్వాత పడుకోబెట్టి కాళ్లు ఎత్తాలి. సూది ఉండగానే మనిషిని పట్టుకోబోతారు చాలామంది.

పేరు రాయడం ట్యూబు నిండాక, పేషెంటు ఎదుటే, పేరూ వయసూ వాళ్ల నోటితో చెప్పించుకుని. "సుబ్బమ్మ గారేనా" అంటే చెవి సరిగా వినపడని ముసలావిడ ఎవరైనా ఊ అంటుంది. ఒకే ఊరి నుంచి ఒకే ఆటోలో ముగ్గురు సుబ్బమ్మలు రావడం మన జిల్లాల్లో వింతేమీ కాదు.

దర్శి, పొదిలి, కనిగిరి లాంటి చోట తీసి ఒంగోలు పంపే కలెక్షన్ సెంటర్లలో పనికి పోతే ఇంకొకటి. షుగర్‌కు బూడిద మూతే వాడాలి. మామూలు ట్యూబులో కణాలు చక్కెర తింటూనే ఉంటాయి, గంటకు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఎర్ర ట్యూబు అరగంట నిలువుగా ఉంచి గడ్డకట్టాక సెంట్రిఫ్యూజ్ మిషన్‌లో తిప్పి, సీరం వేరు చేసి పంపాలి. వేరు చెయ్యని రక్తాన్ని ఫ్రిజ్‌లో పెడితే పొటాషియం బయటికి కారుతుంది. ఐస్ ముక్కకు ట్యూబు నేరుగా తగిలినా కణాలు పగులుతాయి, మధ్యలో గుడ్డో అట్టో పెట్టాలి. మే నెల ఎండలో బండి డిక్కీలో వేసుకుని పోయే శాంపిల్ గురించి చెప్పక్కర్లేదు.

ఎర్రమూత సిరంజి:

ఇన్సులిన్ గురించి ఎవరూ చెప్పలేదు, ఒక్క ముక్క. మన మందుల షాపుల్లో సీసా ఇన్సులిన్ ఎక్కువగా 40 రకం, అంటే మిల్లీలీటరుకు 40 యూనిట్లు. దానికి ఎర్ర మూత సిరంజి. నారింజ మూత సిరంజి 100 రకానికి. 40 రకం మందును నారింజ మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే పోయేది 8 యూనిట్లే, షుగర్ తగ్గదు. తిరగబడితే ఇంకా ప్రమాదం: పెన్ను కార్ట్రిడ్జిలోని 100 రకాన్ని ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు లోపలికి పోతాయి. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడమనండి. ఇంటికి పోయే పేషెంటుకు కూడా సిరంజి చూపించి చెప్పాలి.

మన్నేరు గట్టు:

అందరికీ దండాలు. ఇంత ఉందని మాకు తెలీదు. రెండు అనుమానాలు. ఒకటి, జీడీఏ చేసినవాళ్లు ఇంజెక్షన్ వెయ్యొచ్చా? కావలిలో వాళ్లు అదే పెద్దది చేసి చెప్పారు. రెండోది, సూది గుచ్చుకుంటే జబ్బులు వస్తాయని మా అమ్మ భయం.

పెన్నా వార:

వెయ్యకూడదు. జీడీఏ పని జాబితాలో మందు ఇవ్వడం లేదు. ఆ పని నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్‌లో పేరున్నవాళ్లది. ఇంజెక్షన్ నేర్పిస్తాం అన్నదాన్ని ఆకర్షణగా చూడొద్దు, అనుమానంగా చూడండి. క్లినిక్కులో డాక్టరు గారు "వేసెయ్ అమ్మా" అనేది మామూలే. ఏదైనా జరిగితే కాగితం మీద అర్హత లేని చెయ్యి మీ చెల్లెలిదే అవుతుంది. పిర్రకు తప్పుచోట వేస్తే కాలికి పోయే పెద్ద నరానికి (సయాటిక్) తగిలి పాదం వేలాడిపోతుంది. యాంటీబయాటిక్ సూది ఒంటికి పడకపోతే నిమిషాల్లో బీపీ పడిపోతుంది. అప్పుడు పెద్దవాళ్లకు అడ్రినలిన్ అర మిల్లీలీటరు తొడ బయటివైపు కండలో పడాలి. ఆ మందు ఉన్న ట్రే ఎక్కడుందో తెలుసుకుని పరుగెత్తి తెచ్చివ్వడం మాత్రం అసిస్టెంట్ పనే, మొదటి రోజే చూసి పెట్టుకోవాలి.

సూదులు వెయ్యాలని తనకే ఆశ ఉంటే ఏఎన్‌ఎం, అంటే ఎంపీహెచ్‌డబ్ల్యూ ఫిమేల్ వైపు పోవడం మేలు.

రెండో షిఫ్టు:

అమ్మ గారి భయానికి: చేరిన రోజే హెపటైటిస్ బీ టీకా మొదలుపెట్టించండి. 0, 1, 6 నెలలకు మూడు డోసులు. మూడోది అయ్యాక నెలా రెండు నెలల్లో టీకా పట్టిందో లేదో చెప్పే యాంటీ హెచ్‌బీఎస్ పరీక్షలో 10 దాటిందా చూసుకోవాలి. 6 నెలల కోర్సు, 6 నెలల టీకా. తర్వాత వేయిద్దాంలే అంటే అసలు అవసరమైన కాలమంతా టీకా లేకుండానే గడుస్తుంది.

వాడిన సూదికి మళ్లీ మూత పెట్టబోయేటప్పుడే ఎక్కువగా గుచ్చుకుంటుంది. పెట్టకూడదు. కట్టర్‌లో తుంచి, సూది తెల్ల డబ్బాలో, తుంచిన సిరంజి ఎర్ర సంచిలో. రక్తం అంటిన దూది, కట్టు గుడ్డలు పసుపు సంచి. గాజు సీసాలు నీలం డబ్బా. 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం రంగులు ఇవి. డబ్బా ముప్పావు నిండగానే మూసెయ్యాలి, చేత్తో కుక్కకూడదు.

గుచ్చుకుంటే సబ్బుతో పారే నీళ్ల కింద కడగాలి. నోట్లో పెట్టుకోవడం, రక్తం పిండటం, స్పిరిట్ పొయ్యడం వద్దు. వెంటనే చెప్పి రాయించాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మాత్రలు 2 గంటల్లోపు మొదలైతే మంచిది, 72 గంటలు దాటితే ప్రయోజనం లేదు, 28 రోజులు వాడాలి. పెద్ద ప్రభుత్వాస్పత్రుల్లో ఇస్తారు. తిడతారేమోనని రెండు రోజులు దాచిపెట్టేవాళ్లు ఉంటారు, అసలు ప్రమాదం అదే.

ఊదా మూత:

మన్నేరు గట్టు గారూ, డెమో క్లాసుకు పిలిస్తే మీ చెల్లెలిని ఒకసారి పంపండి. ప్రాక్టికల్ గదిలో బీపీ కఫ్‌లు ఎన్ని సైజులున్నాయి, రక్తం తియ్యడం నేర్చుకునే రబ్బరు చెయ్యి ఎన్ని గుచ్చులతో నలిగి ఉంది, నాలుగు రంగుల డబ్బాలూ ఉన్నాయా, వాటిలో చెత్త ఉందా అని చూసి రమ్మనండి. బొమ్మ కొత్తగా మెరుస్తూ, డబ్బాలు ఖాళీగా ఉంటే ఫీజు జేబులోనే ఉంచుకోండి. డీఎంఎల్‌టీ నోటిఫికేషన్ కోసం పది, ఇంటర్ మార్కుల లిస్టులు, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకుంటే మంచిది. నోటిఫికేషన్ పడ్డాక సచివాలయం చుట్టూ తిరిగేసరికి గడువు అయిపోతుంది.

మన్నేరు గట్టు:

సరేనండి, ఆదాయం సర్టిఫికెట్ పాతదైపోయింది, రేపే అప్లై చేయిస్తాం. కావలి వాళ్లకు ఫోన్ చేసి ఆ క్యూ5101 కోడ్ అడిగితే "మీరు వచ్చాక మాట్లాడదాం" అన్నారు.